చక్కెర పట్టీ

"మంచం గడప దాటిందంటే మోసేటోళ్ల కాళ్లు నరుకుత," అన్నాడు బొజ్జయ్య, గొడ్డలిని గుమ్మానికి అడ్డంగా పెట్టి.

మంచం మీద కూర్చున్న కోడలు శ్రావణి మామ వంకా, ఎదురుగా నిలబడ్డ సుకుమార్ వంకా బిక్కుబిక్కుమంటూ చూసింది. ఆమెకు ఏడో నెల. బయట ముసురు పట్టి వాన.

సుకుమార్ పరిశోధక విద్యార్థి. తను తయారుచేసిన రక్తపరీక్ష మిషన్ పనితీరు చూసుకోవడానికి ములకలపల్లి అడవి అంచున ఉన్న ఈ గూడేనికి వచ్చాడు. పొద్దున కొత్త నర్సు ఇల్లిల్లూ తిరిగి రక్తపు చుక్కలు తెచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాని మీద రాసిన పేరు శ్రావణి. ఆమెను వెంటనే భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాలని పట్టుబట్టాడు.

"జరమున్నదా? లేదు. తలకాయ నొస్తున్నదా? లేదు. పొద్దుగాల చెంబెడు అంబలి తాగింది. నీ డబ్బా చెప్తే రోగమొస్తదా సారూ?"

"జరం రాకముందే పట్టుకునేటందుకే ఈ డబ్బా పెద్దయ్యా." సుకుమార్ జేబులోంచి వేలెడంత పట్టీ తీసి చూపించాడు. "దీనిమీద చక్కెర జాతి పూత ఉంటది. నెత్తుట్ల మలేరియా పురుగుంటే వచ్చి దీనికి అంటుకుంటది. అంటుకుంటే పట్టీల పారే కరెంటు తగ్గుతది. గిప్పుడు అంత తగ్గిందంటే రేపో మాపో చలిజరం, ఆ తర్వాత మెదడుకెక్కి ఫిట్స్. తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

"చక్కెరకు చీమలొస్తయి గని పురుగులొస్తయా?"

గుమ్మం బయట ఎవరో కిసుక్కున నవ్వారు. బొజ్జయ్య భార్య గంగక్క నవ్వలేదు. విసవిసా వచ్చి మొగుడి చేతిలో గొడ్డలి లాక్కుని మూలకు విసిరేసింది.

"జరుగు. పక్క గూడెంల పిల్లను ఫిట్సొచ్చినంక తీస్కపోయిన్రు. ఏం తెచ్చిన్రు? పీనుగను తెచ్చిన్రు. నా కోడలు గట్ల పోదు."

"వాగు చూసినవా? మంచిగున్నదాన్ని ముంచి చంపుతవా?"

"నువ్ రాకు. నేను మోస్త."

మంచానికి కట్టిన బొంగును ముందువైపు తనే భుజానికెత్తుకుంది. రెండోవైపు కొడుకు సతీష్ పట్టాడు. పక్కన సుకుమార్.

వాగు నడుము లోతులో ఉరుకుతోంది. అవతలి గట్టున సుకుమార్ కిరాయికి తెచ్చిన జీపు. సెల్‌ఫోన్‌లో సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు. నడిమధ్యకు వచ్చేసరికి సతీష్ కాలు జారింది. మంచం ఒక పక్కకు ఒరిగింది. శ్రావణి నోరు తెరిచి అరవబోయి, కడుపును రెండు చేతులతో చుట్టేసుకుంది.

"కింద చూడకు బిడ్డా, నన్ను చూడు," అంది గంగక్క. ఒరిగిన బరువుకు వంగి మెడ దాకా మునిగి కూడా బొంగు వదల్లేదు. సుకుమార్ ఒరిగిన పక్కకు తన వీపు ఆనించి, పళ్లు బిగించి పైకి లేపాడు. గట్టెక్కగానే శ్రావణిని జీపు ఎక్కించారు.

జీపు భద్రాచలం చేరేటప్పటికి వీధిదీపాలు వెలిగాయి. దవాఖానాలో డ్యూటీ డాక్టర్ నిర్మలాదేవి శ్రావణి రక్తం తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు చూసింది. మళ్లీ ఇంకో చుక్క తీసి చూసింది.

"మలేరియా లేదు, ఏం లేదు. బిడ్డ గుండె కూడా బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది," అందామె చిరాగ్గా. "ఇంత వానలో నిండు మనిషిని వాగు దాటించమని ఎవరయ్యా చెప్పింది?"

సతీష్ ఒక్క ఊపున సుకుమార్ కాలర్ పట్టుకుని గోడకు అదిమాడు. "నీ డబ్బా సంబురానికి నా పెండ్లాన్ని వాగుల ముంచుతవా? చెప్పు, ముంచుతవా?"

సుకుమార్‌కి ఊపిరి ఆడలేదు. అయినా అతని బుర్ర పొద్దున మిషన్ చూపిన అంకె చుట్టూనే తిరుగుతోంది. పట్టీ చెడిపోలేదు. మిగతా అందరివీ సరిగ్గానే చూపించింది.

"చెల్లె," అన్నాడు కష్టం మీద, "పొద్దున నర్సు నీది ఏ వేలు గుచ్చింది?"

శ్రావణి తన వేళ్లు చూసుకుంది. "నన్నెవరు గుచ్చలె అన్నా."

సతీష్ పట్టు సడలింది.

"సారును ఇడువురా," అంది వెనక నుంచి గంగక్క. తడి కొంగు చుట్టుకుని గోడకు చేరగిలబడి ఉంది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "కడుపుతోటి ఉన్నదాని నెత్తురు కారొద్దని, దాని పేరు చెప్పి నా వేలే ఇచ్చిన. మొక్కుకు కోడిని కోసినా, ఎవరి పేర్న కోస్తే వాళ్లకే దక్కుతది గద సారూ?"