నాలుగో సమ్మెట

నాలుగో సమ్మెట మళ్ళీ తప్పింది.

"ఒరే! చెవుల్లో టెంపే సోయాముద్దలు కుక్కుకున్నావా?" వగిరాన్ అరిచాడు.

ఎర్రగా కాగిన కంచు బిళ్ళ మీద నలుగురు ఒకరి వెంట ఒకరు కొట్టాలి. వరస తప్పితే బిళ్ళ చీలుతుంది. ఈ నెలలో రెండు జేగంటలు అలాగే పోయాయి. ఇదీ పోతే వగిరాన్ కొలిమికి ఇక పని ఇచ్చేవాడుండడు.

సార్పిన్ సమ్మెట దించాడు. ఏడాదిగా నేర్చుకుంటున్నా వాడికి వరస అందలేదు.

"నేనో పట్టు పట్టనా, బాబూ?"

గుమ్మంలో బక్కపలచని ముసలాయన. లుంగీ నిండా దారి దుమ్ము.

"కొలిమిలో ఎన్నేళ్ళు చేశావ్?"

"ఒక్క రోజూ చెయ్యలేదు."

అందరూ నవ్వారు.

"రా పెద్దాయనా. మావాడికన్నా చెడగొట్టలేవులే."

పేరు అడగలేదు. పెద్ద జేగంట నిప్పులో ఉన్నంతసేపు ఎవరి అసలు పేరూ పలకకూడదు. అది కొలిమి కట్టుబాటు.

ముగ్గురూ కొట్టసాగారు. ముసలాయన కళ్ళు మూసుకుని రెండు వరసలు విన్నాడు. తొడ మీద వేళ్ళు ఆడాయి. మూడో వరసలో సమ్మెట ఎత్తాడు.

ఒక్క దెబ్బ తప్పలేదు.

వగిరాన్ చెయ్యెత్తి పని ఆపించాడు.

"ఏ కొలిమివాడు పంపాడు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నాలుగోది రవ్వంత ఆగి పడాలి. వింటే తెలుస్తుందిగా."

"వింటే తెలుస్తుందట! మా తాతల విద్య రెండు వరసల్లో వచ్చేసిందా, దొంగముండాకొడకా?"

సమ్మెట లాక్కుని రొమ్ము మీద చెయ్యేసి నెట్టాడు. ముసలాయన బూడిదలో పడ్డాడు.

"ఇది పూర్తయ్యేదాకా ఉండనీ, బాబూ. తర్వాత తిట్టుకో."

"పో!"

ముసలాయన దులుపుకోకుండానే వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మళ్ళీ సార్పినే సమ్మెట పట్టాడు. ఐదో వరసలో బిళ్ళ చీలింది.

సాయంత్రం జేగంట చేయించుకుంటున్న మేళం పెద్ద వార్సినీ వచ్చింది. చీలిక వెంబడి వేలు రాసి చూసింది.

"మా మద్దెల ఆయన రాలేదా? పొద్దున్నే బయల్దేరాడే."

"ఎవడో దొంగ వచ్చాడు. రెండు వరసలు విని మా పని పట్టేశాడు."

"యాభై ఏళ్ళు మద్దెల మీద బతికిన బుర్ర అది. ఏ దెబ్బల వరసైనా రెండుసార్లు వింటే చాలు, అందులో అచ్చు పడిపోతుంది. దొంగతనమెందుకు?"

"మరి ఎవరో చెప్పి చావొచ్చుగా!"

"మనం అడగందే," అన్నాడు సార్పిన్.

"నోర్ముయ్!"

వగిరాన్ విసిరిన సమ్మెట గోడకు తగిలి కింద పడింది.

"ఈ ఏడుతో మద్దెల దించేస్తున్నాడు," అంది వార్సినీ. "ఈ జేగంటలో తన దెబ్బ ఒక్కటైనా పడాలని ముచ్చటపడ్డాడు."

"పేరేమిటి?"

"కర్సోనో."

వగిరాన్ గోడ వైపు చూశాడు. జేగంట అంచున చెక్కమని నెల కిందట ఆమె రాసిచ్చిన కాగితం అక్కడే వేలాడుతోంది, దాని మీద ఉన్నదీ ఆ పేరే.