మూడు తొమ్మిదుల కారు

"అమ్మా, ఆ సంచి తీయండి! ముందా సంచి తీయండి!"

డెల్బర్ట్ కుర్చీలోంచి లేచి పరుగెత్తిన తీరు చూస్తే కారు మీదికి పాము పాకిందేమో అనుకుంటారు ఎవరైనా.

పామూ లేదు, పాడూ లేదు. ఒక ముసలావిడ తన చేతిసంచిని బానెట్ మీద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటోంది. అంతే.

అతను ఆ సంచిని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తీసినట్టు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. అంచులు చీకిపోయాయి. రంగు చూస్తే గుమ్మడిపండు గుజ్జులో పాలు పోసి కలిపినట్టుంది. అదీ ఒక రంగేనా!

రంగంటే డెల్బర్ట్ కారుది. నిగనిగలాడే ఊదా.

ఒహాయోలో ఎండాకాలం వస్తే చాలు, సంత మైదానాల నిండా పోటీకి తెచ్చిన ఇలాంటి పాత కార్లే. పక్కనే మడతకుర్చీల్లో యజమానులు, చేతిలో గుడ్డతో కాపలా.

డెల్బర్ట్‌కి ఈరోజు కాపలా ఒక్కటే కాదు, పరీక్ష కూడా. కారుకి తను వేయించిన రంగు, మొదట్లో కంపెనీ వేసిన రంగూ ఒకటేనని పోటీ న్యాయనిర్ణేత ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఇన్నేళ్ళు చాకిరీ చేసీ మిగిలేది ఒక 'తోచిన రంగేసిన బండి'.

"ఇది ఊదా అని నీకెవరు చెప్పారు బాబూ?" అంది ముసలావిడ.

అడిగిందే చాలు! డెల్బర్ట్ బానెట్ ఎత్తి, లోపలి చిన్న రేకు చూపించాడు. "ఇదిగో, మూడు తొమ్మిదులు! అంటే కంపెనీ పట్టీలో లేని రంగు. మనం ఏదైనా వస్తువు పంపితే, అచ్చం ఆ రంగే కలిపి వేసేవాళ్ళు."

"ఏ రంగో అందులో ఉందా?"

"అది ఉండదు. పాతసామాన్ల దొడ్లో నాకు దొరికేసరికి పైన రంగంతా గీకేసి ఉంది."

"మరి ఊదా అని..."

"బుర్ర పెట్టి ఆలోచించాలమ్మా! ఇంత పెద్ద ఇంజను, అడిగి వేయించుకున్న రంగు. ఎవడో కల్నల్ అయ్యుంటాడు. లేదా రేసుల్లో తోలినవాడు. అలాంటి మగాడు ఏం అడుగుతాడు? రాజులు కట్టే రంగు!"

"రాజుగారూ, ముందు ఈ సాండ్‌విచ్ తినండి," అంది అతని భార్య నోరీన్.

"ఆడపిల్ల అయ్యుండకూడదా?" అంది ముసలావిడ.

డెల్బర్ట్ పొట్ట ఊగేలా నవ్వాడు. "ఆడపిల్లకి ఇంత ఇంజనా!"

నోరీన్ సాండ్‌విచ్ వెనక్కి తీసుకుంది.

ముసలావిడ కిటికీలోంచి తొంగి చూసింది. "స్టీరింగు మీద ఆ గాటు అలాగే ఉంచావే!"

"కల్నల్ ఉంగరం గాటు అయ్యుంటుంది. ముట్టుకుంటానా!"

"ఎడమ తలుపు గట్టిగా వేస్తే అద్దం ఇంకా జారిపోతోందా?"

"నా కారులో ఏదీ జారదు!" డెల్బర్ట్‌కి ఒళ్ళు మండింది. నిజానికి ఆ తలుపు అతనెన్నడూ గట్టిగా వేయలేదు.

"ఒక్క నిమిషం లోపల కూర్చోనా బాబూ?"

"ఇది కూర్చునే కారు కాదమ్మా, చూసే కారు. నేనే కూర్చోను!"

"ఆ మాట నిజమే," అంది నోరీన్. "ట్రక్కెక్కించి పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెస్తాడు."

ముసలావిడ నవ్వింది. తలుపు మీద మెల్లగా తట్టి, వెళ్ళిపోయింది. తట్టిన చోట డెల్బర్ట్ గుడ్డతో తుడిచాడు.

మధ్యాహ్నం న్యాయనిర్ణేత ప్రూయిట్ వచ్చాడు. తెల్ల చేతి తొడుగులు, కర్రకి కట్టిన అద్దం. కారు కింద దూరాడు, పైకి లేచాడు.

"ఊదా అనడానికి సాక్ష్యం?"

"మూడు తొమ్మిదులు!"

"తొమ్మిదులు రంగు కాదయ్యా డెల్బర్ట్," అంటూ ఎడమ తలుపు ధన్‌మని వేశాడు.

కిటికీ అద్దం జర్రున జారి తలుపులోకి మాయమైంది.

"ముసలిదాని నోరు మండ!" అన్నాడు డెల్బర్ట్.

"బాగుచేస్తావా, మార్కులు కోసేయనా?"

"తలుపు లోపలి అట్ట విప్పాలండీ! అది కంపెనీ బిగించిన అట్ట. ఇన్నేళ్ళూ ఒక్క మర కూడా కదపకుండా కంటికి రెప్పలా కాపాడాను!"

"జరుగు," అంది నోరీన్, స్క్రూడ్రైవర్ పట్టుకుని.

అట్ట ఊడొచ్చింది. గీకినవాళ్ళ చెయ్యి పడని చోటు అది. ప్రూయిట్ టార్చి వేశాడు.

లోపల రేకు మీద, నిన్న వేసినంత తాజాగా, గుమ్మడిపండు గుజ్జులో పాలు పోసి కలిపిన రంగు.

"అదీ అసలు రంగు!" ప్రూయిట్ గంతేసినంత పనిచేశాడు. "ఇది చూసి రంగు మార్చుకోవయ్యా. ఆ రోజు కంపెనీకి పంపిన వస్తువు కూడా దొరికిందా, నీ కారుకి ఈ రాష్ట్రంలోనే సాటి ఉండదు!"

"ఏమయ్యా," అంది నోరీన్ నెమ్మదిగా, "ఆ వస్తువుని పొద్దున నువ్వు రెండు వేళ్ళతో తీసిచ్చావు."

డెల్బర్ట్ పరుగు పెట్టాడు. కార్లు, కుర్చీలు, ఐస్‌క్రీం పిల్లలు, అన్నీ దాటుకుంటూ పెట్టాడు. గేటు దగ్గర దుమ్ము మాత్రం మిగిలింది.

"ఆ సంచి... ఆ ముసలావిడ..." రొప్పుతూ అడిగాడు.

"ఆవిడా? ఏదో వృద్ధాశ్రమం బస్సులో ఇప్పుడే పోయింది," అన్నాడు గేటు మనిషి. "ఏ ఊరిదో అడగలేదు."

"నీతో ఏమైనా చెప్పిందా?"

"చెప్పకేం! పడుచుదనంలో ఆ సంచి కంపెనీకి పంపి మరీ అదే రంగు కారు చేయించుకుందట. ఆ కారు కోసం ఎన్ని సంతలు తిరిగిందో పాపం!"

డెల్బర్ట్ బస్సు పోయిన దారికేసి చూశాడు.

"దొరికిందా మామ్మా అంటే, దొరికింది గానీ నాయనా, ఇప్పుడది కూర్చునే కారు కాదట, చూసే కారట, అంటూ నవ్వుకుంటూ బస్సెక్కింది."