ఆగితేనే తర్వాతిది

పొగమంచులా మసకమసకగా సాగే ఆ పియానో రచనను వాయించేవాళ్లు దాదాపు లేరు. ఎంత వేగంతో వాయించాలో దాని మీద రాసి లేదు. ఒక్కటే సూచన: ఒక స్వరం పూర్తిగా ఆగిపోయాకే తర్వాతిది వాయించాలి.

దాన్ని వాయించడానికి ఒప్పుకున్న అమ్మాయికి రేపే కచేరీ. చీకటి పడ్డాక ఖాళీ హాల్లో ఆమె ఒక్కతే సాధనకు కూర్చుంది.

మొదటి పేజీ సాఫీగానే నడిచింది. రెండో పేజీలో ఒక మంద్రస్వరం నొక్కి, చెవులు రిక్కించి కూర్చుంది. అది సన్నగిల్లింది గానీ ఆగలేదు. స్వరాన్ని సాగదీసే పెడల్ మీంచి కాలు తీసింది. పియానో మూత దించింది. అయినా పక్కగదిలో ఎవరో మూలుగుతున్నట్టు మోగుతూనే ఉంది.

తనకు పియానో నేర్పిన టీచరమ్మకు ఫోన్ చేసింది. ఆవిడ ఈ రచనను వయసులో ఉండగా ఒక్కసారి వాయించింది. మర్నాడే పియానో అమ్మేసి, మళ్లీ ఏ పియానోనూ ముట్టుకోలేదు.

"టీచర్, రెండో పేజీలో స్వరం ఆగట్లేదండీ. ఎంతసేపని చూడను?"

"తర్వాతది వాయించలేదు కదా తల్లీ?"

"లేదండీ."

"వాయించకు. నేను ఓపిక పట్టలేక వాయించేశాను."

ఫోన్లో ఆవిడ ఊపిరి వెనక, పియానో లేని ఆ ఇంట్లో, రెండు స్వరాలు మోగుతున్నాయి.