భీమే అడిగిన ఇల్లు

"అయ్యగారూ, ముసలమ్మ మళ్లీ వచ్చిందండి." ఫోన్లో మేస్త్రీ యేసుపాదం. "స్లాబు చూసి చెయ్యాడించిందండి."

"ఏమంది?"

"ఏముందండీ, ఇల్లే అంది."

"చిన్నదయిందనా?"

"మొహం చూస్తే అలాగే ఉందండి."

రాజేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు. "సరే. ఇంకో గది వెయ్యి."

రాష్ట్రం సరిహద్దు అవతల, మరైగూడ దగ్గర రోడ్డు పక్కనే ఉంది ఆ ముసలమ్మ భీమే పొలం. అక్కడ ఒక లాడ్జీ కట్టుకుంటే ఇక ఈ వయసులో తిరగక్కర్లేదని, బెజవాడలో ఉన్న షాపు అమ్మేసి వచ్చాడాయన. వచ్చాక తెలిసింది, ఆదివాసీ భూమిని బయటివాడు కొనడానికి చట్టం ఒప్పుకోదని. అప్పటి నుంచి జగదల్‌పూర్‌లో వకీలు దగ్గరికి, ఇక్కడ పట్వారీ దగ్గరికి తిరగడమే పని అయింది. మోకాళ్లు అరిగాయి.

చివరికి వకీలే ఒక దారి చెప్పాడు. "మీ డ్రైవర్ మంగల్ ఆదివాసీయే కదా, అతని పేరు మీద తీసుకోండి. తర్వాత సంగతి మీరూ మీరూ చూసుకోండి. కానీ ముసలామెను బలవంతం చెయ్యకండి. ఇష్టపడే అమ్ముతున్నానని రిజిస్ట్రీ ఆఫీసులో ఆమె నోటితో చెప్పాలి."

బలవంతం అన్న మాటే రాజేశ్వరరావుకు పడదు. మర్యాదగా అడగాలనుకున్నాడు. మంగల్‌ను మాట్లాడమంటే వాడు తల గోక్కున్నాడు.

"మాది తోంగ్‌పాల్ సాబ్. హల్బీ అయితే మాట్లాడతా. ముసలామె మాట్లాడే ఈ దోర్లీ నాకేం తెలుస్తది?"

దోర్లీ అంటే ఎంత, తెలుగుకు చెల్లెలే కదా అనుకుని తనే వెళ్లాడు.

భీమే గుడిసె ముందు విప్పపువ్వు ఎండబెడుతోంది.

"అమ్మా, ఈ పొలం అమ్ముతావా? బదులు ఏం కావాలి? డబ్బా? వేరే చోట పొలమా?"

"ఇల్లే," అంది ఆమె.

ఆయన గుడిసె వంక చూశాడు. కప్పు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. పాపం, నిజమే. ఇంకొకరైతే లక్షలు అడిగేవాళ్లు.

"ఇల్లు కట్టిస్తే ఇస్తావుగా?"

"ఇల్లే." ఈసారి గట్టిగా అంది.

భాష తెలియని ఊళ్లో పనివాళ్లు దొరక్క, బెజవాడ నుంచే మేస్త్రీని పిలిపించాడు. భీమే గుడిసె పక్క ఖాళీ జాగాలో గది మీద గది పెరిగింది. వరండా వచ్చింది. షాపు అమ్మిన డబ్బు సిమెంటులో కలిసిపోతూ ఉంది.

"మీరు పొలం కొంటున్నారా, ఆవిడకి అల్లుడిగా పోతున్నారా?" అంది భార్య ఫోన్లో.

ఆయన ఫోన్ పెట్టేసి మేస్త్రీకి మళ్లీ డబ్బు పంపాడు.

ఇల్లు పూర్తయినా భీమే అందులో ఒక్క రాత్రి పడుకోలేదు. మేడ మీద విప్పపువ్వు ఆరబోసింది. వరండాలో మేకలు కట్టింది. ఇంటి చుట్టూ మిగిలిన నేల దున్నించి విత్తనాలు చల్లింది.

"అలవాటు పడాలి కదా," అన్నాడు రాజేశ్వరరావు. మంగల్ మేకలను తప్పించుకుంటూ కారు తీశాడు.

రిజిస్ట్రీ ఆఫీసు నుంచి భీమేకు ముందే కబురు వెళ్లింది. ఆ రోజున కారు వెళ్లేసరికి ఆమె రోడ్డు మీద నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. పొలం పట్టా గుడ్డలో చుట్టి గుండెకు హత్తుకుంది. ఎవరూ పిలవకముందే కారెక్కి కూర్చుంది.

"చూశావా, మనకంటే ముందే తయారైంది," అన్నాడాయన. ఎన్నాళ్లకో ఒళ్లు కాస్త తేలికపడింది.

ఆఫీసులో అధికారి హిందీలో అడిగాడు. గుమస్తా నవీనది కోంటా. అటు దోర్లీ, ఇటు తెలుగు రెండూ వచ్చు. అధికారి మాటను భీమేకు ఆమె భాషలో చెప్పి, రాజేశ్వరరావుకు తెలుగులో చెప్పింది.

"నీ భూమిని నీ ఇష్టంతోనే ఈ మంగల్‌కు అమ్ముతున్నావా అని అడుగుతున్నారు."

"ఇల్లే," అంది భీమే.

రాజేశ్వరరావు నీరసంగా నవ్వాడు. "అది కట్టించేశాను మేడం. వరండా వేయించాను, రంగులు కూడా కొట్టించాను. ఇక నా దగ్గర ఏం మిగల్లేదని చెప్పండి."

నవీన కలం కింద పెట్టి ఆయన వైపు చూసింది.

"ఇల్లు కాదు సార్, దోర్లీలో ‘ఇల్లే’ అంటే ‘లేదు’ అని."