బెత్తెడు సందు

ఉస్లాపూర్‌లో సింహాచలం ఇంటి పడగ్గదిలో, గోడ లోపలికి మంచం పట్టేంత చోటుంది. అతని తల్లి ఆఖరి రోజులు అక్కడే, పరదా వెనక గడిచాయి. కొడుకు రైల్వే షెడ్ నుంచి డ్యూటీ దిగి రాగానే ఆవిడ పరదా బెత్తెడు జరిపి చూసేది.

"ఏటలా చూస్తావ్? మూసెయ్!" అని కసిరేవాడు. మూసేసేది.

ఆవిడ పోయిన నెలకే అక్కడ బట్టలు పెట్టుకోడానికి పక్కకి జరిపే తలుపులు బిగించారు. ఆ రాత్రి ఇంట్లో ఒక్కడే బూట్లు విప్పుకుంటుంటే తలుపు సర్రున జరిగింది. బెత్తెడు. మిస్త్రీ లెవెల్ చూసుకోలేదని తిట్టుకుంటూ లేచి మూశాడు. వచ్చి కూర్చున్నాడో లేదో, మళ్లీ సర్రున బెత్తెడు.

విసుగులో నోటికి పాత మాటే వచ్చింది.

"ఏటలా చూస్తావ్? మూసెయ్!"

ఎప్పటిలాగే, మారుమాట లేకుండా, తలుపు మెల్లగా మూసుకుంది.