మిగిలిన ఒక్క పేపరు

“మళ్లీ అదే పోయిందక్కా,” అంది రోజీ, రిజల్టు చూసిన ఫోన్‌ను పద్మజ వైపు తిప్పడానికి మనసు రాక.

“స్టాటిస్టిక్సేనా?”

“అదే. మిగిలినయ్యన్నీ ఎప్పుడో పాసైతివి. ఇదొక్కటి నీమీద పగబట్టింది.”

గిద్దలూరులో ఆదివారాలు మాత్రమే జరిగే ఎమ్మే ఎకనామిక్స్ క్లాసు అది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం పెట్టారు. రోజీ కంభంలో నర్సు. ఈమధ్యనే చేరింది. పద్మజ రాచర్ల పశువుల ఆస్పత్రిలో అసిస్టెంటు. ఆమెతోపాటు చేరినవాళ్లంతా పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు. ఆ ఒక్క పేపరు మూడోసారి కూడా తప్పి, పద్మజ మాత్రం ఇంకా అదే బెంచీ మీద కూర్చుంటోంది.

మధ్యాహ్నం వరండాలో అందరూ క్యారియర్లు విప్పారు. పద్మజ తెచ్చిన గోంగూర పచ్చడి ఆ చివరిదాకా వెళ్లి ఖాళీ గిన్నెగా తిరిగి వచ్చింది. తింటూనే రోజీ ఒక లెక్క అడిగింది.

“మందలో గొర్రెలన్నీ ఒకే బరువుండవు గదా,” అని మొదలుపెట్టింది పద్మజ. “ముందు సగటు చూసుకో. ఒక్కో గొర్రె బరువు ఆ సగటుకు ఎంత ఎడంగా ఉందో చూడు. మిగతాదంతా కూడికే.”

“ఇంత బాగా చెప్తావు. పరీక్ష హాల్లో ఏమైతాదక్కా నీకు?”

“ఏమో రోజీ. కాగితం ముందరుంటే చెయ్యి ఆడదు.”

“భయం, ఇంకేం లేదు,” అని తేల్చేసి, రోజీ తన గుడ్డు తీసి పద్మజ గిన్నెలో వేసింది.

సాయంత్రం రాచర్లలో ఆటో దిగి పద్మజ గదికి చేరుకుంది. కింద ఎరువుల దుకాణం, పైన ఆమె గది. తాళం తీస్తుండగానే కొనకనమిట్ల నుంచి తమ్ముడు మహేష్ ఫోన్ చేశాడు.

“ఎన్నిసార్లు తప్పుతావక్కా? ఇంక మానేయ్. నలుగురూ నవ్వుతారు.”

“నేనూ అదే ఆలోచిస్తన్నా.”

“దీంట్లో ఆలోచించేదేముంది? ముప్ఫై ఆరేళ్లొచ్చె. ఆదివారమన్నా ఇంటిపట్టునుండి రెస్టు తీసుకో.”

“నీ పిల్లలు ఎట్లుండారు? ఒకసారి ఫోనియ్యి.”

“ఆడుకుంటుండారు. మళ్లీ మాట్లాడిస్తాలే.”

మళ్లీ అంటే ఎప్పుడో ఇద్దరికీ తెలియదు. అతను పెట్టేసిన తర్వాత కూడా పద్మజ ఫోన్‌ను కాసేపు చెవి దగ్గరే ఉంచుకుంది.

తమ్ముడు చెప్పినట్లే ఉండి చూద్దామని, మరుసటి ఆదివారం ఆమె క్లాసుకు వెళ్లలేదు. తలస్నానం చేసింది. బట్టలుతికింది. గది కడిగింది. అప్పటికింకా ఎండ కూడా సరిగా ముదరలేదు. ఒక్కదానికి వండుకున్న అన్నంలోనే సగం మిగిలింది. దుకాణానికి సెలవు. ఆస్పత్రికీ సెలవే. మామూలు రోజుల్లోనైతే కాపర్లు వస్తారు. “మేడమ్, గొర్రె మేత ముట్టడం లేదు,” అంటారు. మందు పట్టించుకుని వెళ్లిపోతారు. మేడమ్ తిన్నదా లేదా అని అడిగే పని వాళ్లకు లేదు.

పొద్దుటి నుంచీ ఒక్క మాట కూడా మాట్లాడలేదని మధ్యాహ్నానికి గాని ఆమెకు తట్టలేదు. అవసరం లేకపోయినా సందు చివరి అంగడికి వెళ్లి అగ్గిపెట్టె అడిగింది. తన గొంతు తనకే బొంగురుగా వినిపించింది. అంగడి కృష్ణమ్మ టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా అగ్గిపెట్టె తీసి చేతిలో పెట్టింది.

పొద్దువాలేటప్పుడు స్టాటిస్టిక్స్ చెప్పే నిత్యానందం సారు ఫోన్ చేశారు.

“ఏమ్మా, రాలేదు? ఒంట్లో బాగలేదా?”

పద్మజ ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

“బాగానే ఉండాను సార్. మానేద్దామా అని చూస్తన్నా.”

“మీరు మానేస్తే నాకు చెప్పడం చేతకాలేదని అర్థం. క్లాసయినాక ఒక గంట విడిగా కూచుందాం. రోజీ కూడా ఉంటానంది. ఈ పొద్దు నువ్వు లేక ఆ పిల్లకు అన్నం కూడా సయించలేదమ్మా.”

సారు ఎప్పుడూ మీరు అనే మనిషి. పొరపాటున దొర్లిన ఆ ‘నువ్వు’ పద్మజ చెవిలో ఉండిపోయింది.

“వస్తా సార్,” అంది. “మాననులే.”

అప్పటినుంచి ప్రతి ఆదివారం అందరూ వెళ్లిపోయాక ముగ్గురూ మిగిలేవారు. సారు బోర్డు నిండా లెక్కలు వేసేవారు. పద్మజ ఏదో ఒక సందేహం అడుగుతూనే ఉండేది. రోజీ టీలు తెచ్చేది. రాచర్లకు పోయే చివరి ఆటో వాడు గేటు దగ్గర హారన్ కొడితే గాని పద్మజ లేచేది కాదు.

“చదువు మీద ఇంత ఇష్టం ఉన్న మనిషిని నేను చూడలేదమ్మా,” అన్నారు ఒకరోజు సారు, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ. పద్మజ తల దించుకుంది.

పరీక్ష రోజున రోజీ డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చింది.

“పొద్దున ప్రార్థనలో నీ పేరు చెప్పించినా అక్కా. ఈసారి చెయ్యి ఆడుతాది చూడు.”

“తెలిసింది తెలిసినట్టు రాయండి, చాలు,” అన్నారు సారు. ఆయన కూడా ఇంటికి వెళ్లలేదు. ఇద్దరూ బయట వేపచెట్టు కింద నిలబడిపోయారు.

హాల్లో ప్రశ్నపత్రం ఇచ్చారు. అన్నీ సారు చెప్పినవే. మొదటి లెక్క చూస్తుండగానే జవాబు తేలిపోయింది. రెండోది వేళ్ల మీదే వచ్చింది. చివరి లెక్కలో ఒక అంకె తప్పు అచ్చయిందని కూడా పద్మజ కనిపెట్టింది. కిటికీలోంచి చూస్తే, చెట్టు కింద ఉన్న ఇద్దరూ ఇటే చూస్తున్నారు. రోజీ చెయ్యి ఊపింది.

పద్మజ మొదటి పేజీలో హాల్ టికెట్ నంబరు ఒక్కటే ముత్యాల్లాంటి అంకెలతో రాసి, పెన్నుకు మూత పెట్టేసింది.

పాసైనవాళ్లకు ఆదివారం క్లాసు ఉండదు.