ఇంటికొచ్చి తీసుకెళ్తాం

ఫోను మోగగానే పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. ఇంకోసారి మోగేదాకా ఆగింది. మరీ ఆత్రపడితే బాగుండదు.

"గడియారాలు బాగుచేసేది మీరేనాండీ? ఫేస్‌బుక్‌లో చూశాం."

"చెప్పమ్మా."

"మా గోడగడియారం నాలుగింటికి పదకొండు కొడుతోందండీ. మా అత్తగారు గంటలు లెక్కపెట్టుకుని మాత్రలు వేసుకుంటారు."

"అయ్యో, అయితే ముందు ఆ మాత్రలు దాచెయ్యి తల్లీ. ఆవిడకెంత వయసు?"

ఇరవై నిమిషాల తర్వాత పెద్దావిడ నోటుపుస్తకంలో పేరు, ఇల్లు, జబ్బు రాసుకుంది. గడియారం జబ్బు ఒక వరుసలో, అత్తగారిది ఇంకో వరుసలో.

"అబ్బాయికి చెబుతాను. వచ్చి తీసుకెళ్తాడు."

"మీరు వాళ్ళమ్మగారా?"

"అలాగే అనుకో."

ప్రకటన పెట్టి నాలుగు నెలలైంది. అబ్బాయి ఉన్నదంతా ఊడ్చిపెట్టి తెరిచిన షాపు. ఎక్కడో సందు చివర ఉంది, ఎవరి కంటా పడదు. అందుకే 'ఒక్క ఫోను చేస్తే చాలు, ఇంటికొచ్చి తీసుకెళ్తాం' అని రాసి, కింద నంబరు ఇచ్చారు. అంతకుముందు పెద్దావిడ దగ్గరున్న ఆ ఫోను నెలకోసారి మోగితే గొప్ప. ఇప్పుడు రోజుకు నాలుగైదుసార్లు. స్నానానికి వెళ్ళినా దాన్ని తలుపు దగ్గర స్టూలు మీదే పెట్టుకునేది. భర్త పోయాక ఆ ఇంట్లో మాటలు వినిపించడం మళ్ళీ ఇప్పుడే. మనిషి గొంతుకు ఎంత మొహం వాచి ఉందో ఆవిడకే తెలుసు.

ఇంకా రాలేదేమని కొందరు కోప్పడేవారు. "పనిలో తలమునకలుగా ఉన్నాడు బాబూ" అనేది. కబుర్లలో పడి, అసలు ఎందుకు ఫోను చేశారో వాళ్ళే మరిచిపోయేవారు.

పుస్తకం అబ్బాయికి ఇచ్చెయ్యాలని రోజూ అనుకునేది. ఇస్తే ఇక వాళ్ళందరితో అతనే మాట్లాడుకుంటాడు. రేపిద్దాంలే అనుకునేది. రేపన్నదానికి రూపు లేదంటారు.

ఫేస్‌బుక్‌లో షాపు పేజీ ఎలా చూడాలో పక్కింటి కోడలు నేర్పింది. అబ్బాయి పెట్టే ప్రతి ఫొటోకూ పెద్దావిడదే మొదటి లైకు. ఈ ఉదయం మాత్రం ఫొటో లేదు. 'ఈరోజుతో షాపు మూసేస్తున్నాం. చూసినవాళ్ళందరికీ సెలవు' అని ఉంది.

పెద్దావిడ దాన్ని రెండుసార్లు చదివింది. పుస్తకం, ఫోను సంచిలో వేసుకుని బయల్దేరింది. దారంతా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

వెళ్ళేసరికి బోర్డు దించేశారు. గోడనిండా మేకులే మిగిలాయి. అబ్బాయి పనిబల్ల విప్పడానికి స్క్రూడ్రైవరు వెతుకుతున్నాడు. అతని భార్య పీట మీద కూర్చుని ఫోను చూస్తోంది.

"మూడువేల లైకులు," అందామె. "ఒక్క ఫోనన్నా రాకపోవడం ఏమిటి?"

"లైకుదేముంది, వేలితో పోయే పని. వదిలెయ్ ఇంక."

"ప్రకటన టైపు చేసింది నేనేగా. నంబరు సరిగ్గా కొట్టానో లేదో అని నా అనుమానం."

ప్రకటనలో ఉన్న నంబరును అలాగే నొక్కింది.

బల్లమీద అబ్బాయి ఫోను ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ సంచిలోంచి రింగు వినిపించింది.